తగ్గిన తర్వాతి నెలలు: డిప్రెషన్ ఎందుకు తిరగబెడుతుంది?

టైఫాయిడ్ వచ్చి తగ్గిన మనిషిని ఎలా చూసుకోవాలో మన ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. జ్వరం దిగినా పత్యం ఆపరు. కారాలు, నూనె సరుకులు పెట్టరు. ఎండలో తిరగనివ్వరు. పిల్లవాడైతే ఇంకో వారం బడికి పంపరు. ఎవరైనా తొందరపడితే ఇంట్లో పెద్దావిడ ఒక్క మాట అంటుంది: "తిరగబెడితే మొదటిదానికన్నా కష్టం." జ్వరం తగ్గడం వేరు, మనిషి కోలుకోవడం వేరు అన్న తెలివిడి ఆ మాటలో ఉంది.

డిప్రెషన్ దగ్గరికొచ్చేసరికి ఈ తెలివిడి కనిపించదు. నెలల తరబడి గదిలోంచి బయటికి రాని మనిషి ఒకరోజు స్నానం చేసి, నలుగురితో కూర్చుని అన్నం తిని, ఏదో మాటకు నవ్వితే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. అది సహజం. ఆ సంతోషంలోనే "ఇక తగ్గిపోయింది" అన్న తీర్పు కూడా వచ్చేస్తుంది. మందుల స్ట్రిప్పు అలమరలోకి వెళ్తుంది. తర్వాతి అపాయింట్‌మెంట్‌కి ఎవరూ వెళ్లరు. ఇన్నాళ్లు ఆగిన పనులన్నీ ఒకేసారి నెత్తిన పడతాయి. మూడు నాలుగు నెలలు గడిచాక తెల్లవారుజామున మూడింటికి మళ్లీ మెలకువ రావడం మొదలవుతుంది. అందరూ పట్టించుకునేది జబ్బు ముదిరిన రోజులనే. తగ్గిన తర్వాతి నెలలనూ అంతే జాగ్రత్తగా చూడాలని పరిశోధనలు ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి.

తగ్గడం, నెమ్మదించడం, కోలుకోవడం

ఈ మాటల అర్థం మీద ఒకప్పుడు వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఒక అధ్యయనం "కోలుకున్నాడు" అని రాసుకున్న మనిషి, ఇంకో అధ్యయనం లెక్కలో ఇంకా రోగే. 1991లో అమెరికాలో ఎలెన్ ఫ్రాంక్, డేవిడ్ కుప్ఫర్ తదితర పరిశోధకులు ఐదు దశలకు ఐదు మాటలు ఖాయం చేశారు. లక్షణాలు సగానికి సగం తగ్గితే రెస్పాన్స్, అంటే వైద్యం పనిచేస్తోంది. దాదాపుగా పోతే రిమిషన్, అంటే జబ్బు నెమ్మదించింది. ఆ నెమ్మది నాలుగు నుంచి ఆరు నెలలు నిలబడితే రికవరీ, అంటే మనిషి కోలుకున్నాడు. కోలుకోకముందే లక్షణాలు పైకొస్తే రిలాప్స్, అంటే పాత జబ్బే తిరగబెట్టింది. పూర్తిగా కోలుకున్నాక, ఏడాదికో పదేళ్లకో మళ్లీ వస్తే రికరెన్స్, అంటే ఇది కొత్తగా ఇంకోసారి వచ్చిన జబ్బు.

ఇది పేర్ల పట్టింపులా కనిపించవచ్చు గానీ రోగికి దీని అవసరం చాలా ఉంది. మందు మానేసిన రెండు నెలలకే మళ్లీ కుంగిపోయిన మనిషి "నాకు రెండోసారి వచ్చింది, ఇక ఇది జీవితాంతం వస్తూనే ఉంటుంది" అనుకుంటాడు. చాలాసార్లు నిజం అది కాదు. మొదటిసారి వచ్చినదే ఇంకా పూర్తికాలేదు. నివురుగప్పిన నిప్పు మీద నివురు తొలగిందంతే. ఆ వైద్యాన్నే సగంలో వదిలిన చోటు నుంచి మళ్లీ అందుకోవచ్చు.

1960లో బ్రిటిష్ సైకియాట్రిస్ట్ మాక్స్ హామిల్టన్ తయారుచేసిన కొలమానాన్ని మందుల పరీక్షల్లో ఇప్పటికీ వాడుతున్నారు. అందులో ఎక్కువగా వాడే రూపంలో 17 అంశాలుంటాయి. మొదట్లో 24 మార్కులు వచ్చిన రోగికి ఎనిమిది వారాల తర్వాత 12 వచ్చాయనుకుందాం. కాగితం మీద అది విజయం, సగానికి సగం తగ్గింది కదా. కానీ రిమిషన్ అనాలంటే 7 గానీ అంతకన్నా తక్కువ గానీ రావాలి. 12 దగ్గరున్న మనిషి ఆఫీసుకు వెళ్తాడు, పెళ్లిళ్లకు వెళ్తాడు, ఫొటోల్లో నవ్వుతాడు. రాత్రి నిద్ర మాత్రం పట్టదు. చదివిన పేజీనే మళ్లీ చదువుతాడు. సాయంత్రానికి ఒంట్లో సత్తువ ఉండదు. ఇంట్లోవాళ్లకు ఇది బద్ధకంలా కనిపిస్తుంది. ఒక్కోసారి అతను కూడా బద్ధకమనే అనుకుంటాడు.

ఈ మిగిలిపోయిన లక్షణాలే అసలు ప్రమాదం. 1995లో కేంబ్రిడ్జ్‌లో యూజీన్ పేకెల్ బృందం డిప్రెషన్ తగ్గిన రోగులను తర్వాత కొన్ని నెలల పాటు గమనించింది. పూర్తిగా లక్షణాలు పోయినవారిలో 25 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. కొన్ని లక్షణాలు మిగిలినవారిలో 76 శాతం మందికి తిరగబెట్టింది. తిరగబెట్టే ముప్పును చెప్పడంలో ఈ మిగులుకు దీటుగా నిలిచే గుర్తులు ఆ తర్వాత వచ్చిన అధ్యయనాల్లోనూ కొన్నే. కాబట్టి "ఎలా ఉంది?" అని డాక్టరు అడిగినప్పుడు "పర్లేదండీ, చాలావరకు తగ్గింది" అని లేచి వచ్చేయకూడదు. ఆ "చాలావరకు"లో మిగిలిందేమిటో చెప్పాలి. నిద్రా, నీరసమా, ఏకాగ్రతా, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి లేకపోవడమా? ఆసుపత్రుల్లో వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం తెలుగులోనూ ఉంది. నెలకోసారి ఇంట్లోనే నింపి తేదీ వేసి పెట్టుకుంటే, డాక్టరు ముందు కూర్చున్న ఐదు నిమిషాల్లో చెప్పలేనిది ఆ కాగితాలు చెబుతాయి. అందులో మొత్తం 27కి 5 కన్నా తక్కువ వస్తే రిమిషన్ కింద లెక్కిస్తారు.

లెక్కలు ఏం చెబుతున్నాయి

డిప్రెషన్ వైద్యం మీద జరిగిన అతిపెద్ద అధ్యయనాల్లో ఒకటి అమెరికాలో జరిగిన స్టార్-డీ. సుమారు 4,000 మంది రోగులు, నాలుగు మెట్లు. మొదటి మందు పనిచేయకపోతే రెండోది, అదీ పనిచేయకపోతే మూడోది, ఆపై నాలుగోది. 2006లో వచ్చిన ఫలితాల్లో మొదటి మెట్టులో దాదాపు 37 శాతం, రెండో మెట్టులో దాదాపు 31 శాతం మందికి జబ్బు నెమ్మదించింది. మూడు, నాలుగు మెట్లలో ఆ సంఖ్య 13, 14 శాతానికి పడిపోయింది. ఎక్కువగా చెప్పుకునేది ఈ భాగమే. తర్వాత ఏడాదిలో ఏం జరిగిందన్నది అంతగా చర్చకు రాదు. మొదటి మెట్టులో మెరుగైనవారిలో సుమారు 40 శాతం మందికి ఏడాదిలోపు తిరగబెట్టింది. నాలుగో మెట్టు దాకా వెళ్లి మెరుగైనవారిలో అది 71 శాతం. ఎన్ని మందులు మార్చాక తగ్గిందో, ఆ తగ్గుదల అంత పలచగా ఉందన్నమాట. నాలుగు మెట్లూ కలిపి మూడింట రెండొంతుల మందికి నయమవుతుందని మొదట వేసిన అంచనాను 2023లో మరో బృందం అదే సమాచారంతో తిరిగి లెక్కగట్టి, ఆ సంఖ్య అందులో సగం దగ్గరే ఉంటుందని వాదించింది. ఆ వాదన ఇంకా తెగలేదు. తగ్గినవారిలో చాలామందికి ఏడాదిలోనే తిరగబెట్టిందన్న సంగతిని మాత్రం రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి.

ఇంతకన్నా ఘాటుగా చెప్పే ఉదాహరణ ఈసీటీ, అంటే మనవాళ్లు కరెంటు షాక్ అనే చికిత్స. తీవ్రమైన డిప్రెషన్‌లో ఇది బాగా, త్వరగా పనిచేస్తుంది. 2001లో హెరాల్డ్ సాకీమ్ బృందం ఈసీటీతో పూర్తిగా మెరుగైనవారిని మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకు మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర, ఒక గుంపుకు నార్‌ట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మందు, ఇంకో గుంపుకు దాంతో పాటు లిథియం. ఆరు నెలల్లో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 84 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ఒక మందు తీసుకున్నవారిలో 60 శాతం, రెండూ తీసుకున్నవారిలో 39 శాతం. అంత బలమైన చికిత్సతో తగ్గిన జబ్బు కూడా కాపలా లేకపోతే ఆరు నెలల్లో వెనక్కి వచ్చేస్తోంది.

మామూలు మాత్రల సంగతి చూస్తే, 2003లో జాన్ గెడెస్ బృందం 31 పరీక్షల ఫలితాలను కలిపి చూసింది. మందు కొనసాగించినవారిలో 18 శాతం మందికి తిరగబెడితే, ఉత్తుత్తి మాత్రకు మారినవారిలో 41 శాతం మందికి తిరగబెట్టింది. 2021లో బ్రిటన్‌లో వచ్చిన యాంట్లర్ అధ్యయనం మరింత దగ్గరి ప్రశ్న అడిగింది. ఏళ్ల తరబడి మాత్రలు వాడుతూ, ఇప్పుడు బాగానే ఉన్నాం, మానేద్దామనుకుంటున్న 478 మందిని తీసుకుని, సగం మందికి మందు కొనసాగించి, సగం మందికి నెమ్మదిగా తగ్గించి ఆపేశారు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో వాళ్లకు తెలియదు. ఏడాదిలో కొనసాగించినవారిలో 39 శాతం, మానేసినవారిలో 56 శాతం మందికి తిరగబెట్టింది.

ఈ రెండు అంకెలనూ పూర్తిగా చదవాలి. మందు వాడుతున్నా 39 శాతం మందికి వచ్చిందంటే మాత్ర ఒక్కటే రక్షణ కాదు. మానేసినా 44 శాతం మందికి రాలేదంటే అందరూ జీవితాంతం మింగాల్సిన పనీ లేదు. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవారు పూర్తిగా నెమ్మదించాక కనీసం ఆరు నెలలు, అదే డోసులో కొనసాగించాలన్నది ఇప్పుడు వైద్య మార్గదర్శకాల్లో స్థిరపడిన మాట. "తగ్గింది కదా, సగం మాత్ర వేసుకో" అన్న ఇంటి వైద్యం ఇక్కడే దెబ్బ కొడుతుంది. తగ్గించిన డోసు జబ్బు తిరగబెట్టకుండా చూస్తుందన్న నమ్మకం లేదు. రెండు మూడు సార్లు వచ్చినవారికి, వచ్చిన ప్రతిసారీ తీవ్రంగా వచ్చినవారికి రెండేళ్లు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం వాడమంటారు.

మందు మానేస్తే వచ్చేవన్నీ జబ్బేనా?

కాదు. ఇక్కడ చాలామంది పొరబడతారు, కొందరు డాక్టర్లతో సహా. డిప్రెషన్‌కి ఎక్కువగా రాసే ఎస్ఎస్ఆర్ఐ, ఎస్ఎన్ఆర్ఐ తరగతుల మాత్రలు హఠాత్తుగా ఆపితే తల తిరగడం, వికారం, పిచ్చి పిచ్చి కలలు, చిరాకు, తలలో సన్నగా కరెంటు పాకినట్టు అనిపించడం రావచ్చు. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి ఒంట్లోంచి త్వరగా పోతాయి కాబట్టి వాటితో ఇది ఎక్కువ. ఫ్లూయాక్సెటిన్ వారాల పాటు నిలిచి ఉంటుంది కాబట్టి దాంతో తక్కువ. ఇవి సాధారణంగా మందు ఆపిన రెండు మూడు రోజుల్లో మొదలవుతాయి. మందు మళ్లీ వేసుకుంటే గంటల్లోనో రోజుల్లోనో సర్దుకుంటాయి. జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా వారాల మీద, నెమ్మదిగా వస్తుంది. తల తిరగడం, కరెంటు పాకడం డిప్రెషన్ లక్షణాలు కావు. ఈ తేడా తెలియకపోతే రెండు వైపులా నష్టమే. మందు వదలడం వల్ల వచ్చిన ఇబ్బందిని జబ్బనుకుని ఏళ్ల తరబడి అనవసరంగా మందు వాడేవారున్నారు. నిజంగా తిరగబెడుతున్న జబ్బును "మందు మానేసినందుకు అలా ఉందిలే, పోతుంది" అని వదిలేసేవారూ ఉన్నారు.

2019లో మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ ఒక ముఖ్యమైన విషయం గుర్తుచేశారు. మెదడు మీద ఈ మందుల ప్రభావం డోసుతో సమానంగా తగ్గదు. 20 మిల్లీగ్రాముల నుంచి 10కి తగ్గించినప్పుడు పెద్ద తేడా తెలియకపోవచ్చు. చివరి 5 నుంచి సున్నాకు దిగేటప్పుడు పడేదే పెద్ద అడుగు. అందుకని చివర్లో ఇంకా చిన్న చిన్న డోసుల్లో, ఇంకా నెమ్మదిగా తగ్గించాలన్నది వారి వాదన.

మన దగ్గర ఇంకో గందరగోళం ఉంది. మానసిక వైద్యుడు రాసిన ఏ మాత్రనైనా "నిద్రమాత్ర" అనడం అలవాటు. ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటివి నిజంగానే అలవాటయ్యే మాత్రలు. వాటిని కొద్ది రోజులకే రాస్తారు. డిప్రెషన్‌కి ఇచ్చే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వేరే జాతివి. వాటిని ఒక్కసారిగా ఆపకూడదు గానీ, డోసు పెంచుకుంటూ పోవాలన్న యావ వాటితో రాదు. విషాదం ఏమిటంటే, అలవాటవుతుందన్న భయంతో డిప్రెషన్ మందు మానేసి, నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో ఆల్ప్రజోలామ్ అడిగి తెచ్చుకునేవారు తక్కువమంది కాదు.

సగం మందికి మళ్లీ రాదు

ఒకసారి డిప్రెషన్ వచ్చినవారిలో 50 శాతం మందికి, రెండుసార్లు వచ్చినవారిలో 70 శాతానికి, మూడుసార్లు వచ్చినవారిలో 90 శాతానికి మళ్లీ వస్తుందన్న అంకెలు ఎన్నో వ్యాసాల్లో కనిపిస్తాయి. అవి చదివిన రోగికి గుండె జారిపోతుంది. ఈ అంకెలు ప్రధానంగా ఆసుపత్రులకు వచ్చే రోగుల నుంచి వచ్చాయి. కోలుకుని హాయిగా ఉన్న మనిషి మళ్లీ ఆసుపత్రి గడప తొక్కడు, ఆ లెక్కలో పడడు. మళ్లీ మళ్లీ వచ్చేవారినే చూసే డాక్టరుకు జబ్బు ఎప్పుడూ తిరగబెట్టేదిగానే కనిపిస్తుంది. ఆసుపత్రి కాకుండా ఊరిని తీసుకుంటే బొమ్మ మారుతుంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో మామూలు జనాన్ని 1981 నుంచి రెండు దశాబ్దాలకు పైగా గమనించిన అధ్యయనంలో, ఆ కాలంలో మొదటిసారి డిప్రెషన్ వచ్చినవారిలో దాదాపు సగం మంది కోలుకున్నారు, వారికి మళ్లీ రాలేదు. 35 శాతం మందికి మళ్లీ వచ్చింది. 15 శాతం మందికి అసలు పూర్తిగా వదల్లేదు. ఈ 2008 నాటి ఫలితాన్ని మొదటిసారి డిప్రెషన్ వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాలి. జాగ్రత్త అవసరమే, కానీ భయపెట్టి చెప్పే జాగ్రత్త ఆ మనిషికి కొత్త బరువవుతుంది.

ఎక్కువసార్లు వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుందన్నది మాత్రం నిజం. ఎందుకు? 1992లో అమెరికన్ సైకియాట్రిస్ట్ రాబర్ట్ పోస్ట్ ఒక వివరణ ఇచ్చారు. మొదటిసారి డిప్రెషన్ రావడానికి సాధారణంగా ఒక పెద్ద దెబ్బ కనిపిస్తుంది: దగ్గరివాళ్ల చావు, విడాకులు, ఉద్యోగం పోవడం, అప్పు. మూడోసారి, నాలుగోసారి వచ్చేటప్పటికి అంత పెద్ద కారణం అక్కర్లేదు, చిన్న కుదుపు చాలు. మట్టి రోడ్డు మీద బండి జాడలను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. మొదట గట్టి నేలలో జాడ పడాలంటే బరువైన బండి కావాలి. జాడ లోతుగా పడ్డాక ఖాళీ బండి చక్రం కూడా అందులోకే జారుతుంది. అందరూ ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోరు. పుట్టుకతోనే ఎక్కువ ముప్పు ఉన్నవారే ఎక్కువసార్లు జబ్బు పడతారు, అందుకే అలా కనిపిస్తోంది అనేవారున్నారు. బహుశా రెండూ కొంత కొంత నిజం.

జాన్ టీస్‌డేల్, మార్క్ విలియమ్స్, జిండెల్ సీగల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ జాడ ఆలోచనల్లో ఎలా పడుతుందో చూశారు. డిప్రెషన్ ఎప్పుడూ రాని మనిషికి సాయంత్రం కాస్త దిగులుగా ఉంటే అది దిగులే. ఇంతకుముందు డిప్రెషన్ వచ్చిన మనిషికి అదే దిగులు పాత ఆలోచనల మూటను విప్పుతుంది. "నేను పనికిరాను, మళ్లీ మొదలైంది, ఈసారి బయటపడను" అంటూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ ఆలోచనలతో పోరాడటం, వాటికి జవాబులు వెతకడం జాడను ఇంకా లోతు చేస్తుంది. వాటిని వచ్చి పోయే ఆలోచనలుగా గుర్తుపట్టడం నేర్పేందుకు ఈ ముగ్గురూ ఎనిమిది వారాల తరగతి ఒకటి తయారుచేశారు. ధ్యానాన్ని, ఆలోచనల తీరు మీద పనిచేసే కాగ్నిటివ్ థెరపీని కలిపిన ఈ పద్ధతిని ఎంబీసీటీ అంటారు. 2000లో వచ్చిన మొదటి పరీక్షలో, మూడుసార్లు లేదా అంతకన్నా ఎక్కువసార్లు డిప్రెషన్ వచ్చినవారిలో తిరగబెట్టడం 66 శాతం నుంచి 37 శాతానికి తగ్గింది. రెండేసార్లు వచ్చినవారికి ఆ మేలు కనిపించలేదు. 2015లో బ్రిటన్‌లో 424 మంది మీద జరిగిన ప్రివెంట్ అధ్యయనంలో, ఈ తరగతి తీసుకుని మందులు తగ్గించుకున్నవారిలో రెండేళ్లలో 44 శాతం మందికి, మందులు కొనసాగించినవారిలో 47 శాతం మందికి తిరగబెట్టింది. అంటే దాదాపు సమానం. ఇది జబ్బు నెమ్మదించాక నేర్చుకునే విద్య. డిప్రెషన్ తీవ్రంగా ఉన్న మనిషిని కళ్లు మూసుకుని కూర్చోమనడం మేలు కన్నా కీడే చేయవచ్చు. "ధ్యానం చేసుకో, అన్నీ పోతాయి" అని మందులు ఆపించే సలహాకు ఈ పరిశోధనలో ఆధారం లేదు.

ఇంటి మాట

1989లో జిల్ హూలీ, టీస్‌డేల్ ఒక చిన్న అధ్యయనం చేశారు. డిప్రెషన్‌తో ఆసుపత్రిలో చేరిన, పెళ్లయిన 39 మందిని తీసుకుని, తర్వాతి తొమ్మిది నెలల్లో ఎవరికి తిరగబెడుతుందో ముందే చెప్పగలమా అని చూశారు. గంటల కొద్దీ ఇంటర్వ్యూలు, దాంపత్యం మీద ప్రశ్నపత్రాలు, చాలా వాడారు. అన్నిటికన్నా బాగా జోస్యం చెప్పింది రోగిని అడిగిన ఒకే ఒక్క ప్రశ్న: "మీ భాగస్వామి మిమ్మల్ని ఎంతగా తప్పుపడతారు?" ఒకటి నుంచి పది వరకు ఒక అంకె చెప్పమన్నారు, అంతే. ఎదుటివాళ్లు నిజంగా ఎంత విమర్శించారన్నదాని కన్నా, రోగికి ఎంత విమర్శగా తగిలిందన్నదే లెక్కకు వచ్చింది.

మన ఇళ్లలో ఆ విమర్శ చాలాసార్లు ప్రేమ రూపంలోనే ఉంటుంది. "నీకేం తక్కువని?" అంటారు. "మేం పడ్డ కష్టాల్లో ఇది ఎంత?" అంటారు. "మనసు గట్టి చేసుకోవాలి", "ఇంకా ఆ మాత్రలు మింగుతున్నావా?", "పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుంది", "ఒక పిల్లో పిల్లాడో పుడితే అన్నీ మర్చిపోతుంది" అంటారు. జబ్బు ముదిరినప్పుడు ఈ మాటలు కాస్త తగ్గుతాయి, ఎందుకంటే అప్పుడు ఇల్లు భయపడి ఉంటుంది. తగ్గిందని తెలియగానే మళ్లీ మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే ఆ మనిషి అప్పుడే కట్టిన గోడలా పచ్చిగా ఉంటాడు. ఇంటి కోడలైతే పరిస్థితి ఇంకా కష్టం. ఆమె మంచం మీద ఉన్న నాలుగు నెలలూ ఆగిన వంట, పిల్లల చదువు, అత్తమామల సేవ, బంధువుల ముందు మాట దక్కించడం అన్నీ ఒకేరోజు తిరిగి అప్పజెబుతారు. పుట్టింటికి వెళ్లి నెల రోజులు ఉండి తేరుకున్న అమ్మాయి, తిరిగి వచ్చిన పదిహేను రోజులకే కుంగిపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

చూసుకునేవాళ్లను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. నెలల తరబడి ఒక మనిషిని కనిపెట్టుకుని ఉండటం ఎంత అలసటో చేసినవాళ్లకే తెలుసు. ఆ అలసటే చిరాకై మాటల్లో బయటికొస్తుంది. వాళ్లకూ విడుపు కావాలి, ఆ బాధ్యతను పంచుకునే ఇంకో మనిషి ఉండాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రోగితో పాటు ఇంట్లో ఒకరు వెళ్లి, ఇంకెంత కాలం జాగ్రత్తగా ఉండాలి, ఏం అనకూడదు అని అడిగితే చాలా ఇళ్లలో సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

మందు దాకా చేరేది ఎందరు

తిరగబెట్టడం గురించి మాట్లాడాలంటే ముందు వైద్యం మొదలవ్వాలి. 2015-16లో నిమ్‌హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి వైద్యం అందడం లేదు. 12 రాష్ట్రాల్లో జరిగిన ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. మన దగ్గర పరిస్థితి అంతకన్నా మెరుగ్గా ఉందనుకోవడానికి కారణం కనిపించదు. "ఎర్రగడ్డకు పంపాలి" అన్నది ఇప్పటికీ తిట్టుగా వాడే భాష మనది. అక్కడున్నది వేలమందికి అండగా నిలిచిన ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఆ తిట్టు భయంతోనే వైద్యం మొదలుపెట్టినవారు కూడా వీలైనంత త్వరగా ముగించేయాలని చూస్తారు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారంటే ముందు ఆగేది మందులే.

2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలంది. కానీ ఎక్కువ పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. తిరగబెట్టకుండా ఆపేది నెలనెలా వెళ్లే ఓపీ, మాత్రలు, కౌన్సెలింగ్. ఆ ఖర్చు జేబులోంచే పెట్టుకోవాలి.

దారి లేదని మాత్రం కాదు. గోవాలో వైద్య డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే డిప్రెషన్ రోగులతో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించారు. బిహేవియరల్ యాక్టివేషన్ అనే సులువైన పద్ధతి అది. మనసు బాగుపడేదాకా ఆగకుండా, ఒకప్పుడు ఇష్టమైన పనులను చిన్న చిన్న ముక్కలుగా మళ్లీ మొదలుపెట్టించడం. విక్రమ్ పటేల్ బృందం 2017లో ప్రచురించిన ఫలితాల్లో, మూడు నెలలకు ఈ సాయం అందినవారిలో 64 శాతం, అందనివారిలో 39 శాతం మంది మెరుగయ్యారు. ఏడాది తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ చేసిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రయోగంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి డిప్రెషన్, ఒత్తిడి ఉన్నవారిని గుర్తించారు, పీహెచ్‌సీకి పంపారు. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్లు మళ్లీ మళ్లీ వెళ్లి మందు వాడుతున్నారా, డాక్టరును కలిశారా అని అడిగారు. ఆ తర్వాత హరియాణాతో కలిపి చేసిన పెద్ద పరీక్షలో, ఏడాది చివరికి ఈ సాయం అందిన ఊళ్లలో డిప్రెషన్ మిగతా ఊళ్లకన్నా ఎక్కువగా తగ్గింది. గడప దగ్గరికి వచ్చి "మందు వేసుకున్నావా అమ్మా?" అని అడిగే మనిషి ఉండటమే ఇందులో కీలకం. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కి రాత్రీ పగలూ ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నప్పుడే కాదు, తిరగబెడుతోందేమో అన్న అనుమానం వచ్చినప్పుడు కూడా ఆ నంబరుకు చేయవచ్చు.

రెండోసారి వచ్చినప్పుడు

రెండోసారి డిప్రెషన్‌లో మొదటిసారి లేని బాధ ఒకటుంటుంది. మొదటిసారి తగ్గుతుందన్న ఆశ ఉంటుంది. రెండోసారి, తగ్గినా నిలవదన్న అనుభవం ఉంటుంది. "అందరూ ఇంత చేస్తే నేనే నిలబెట్టుకోలేకపోయాను" అన్న సిగ్గు దానికి తోడవుతుంది. అందుకే చాలామంది రెండోసారి వచ్చిన సంగతిని మొదటిసారి కన్నా ఎక్కువ కాలం దాచిపెడతారు. షుగర్ పెరిగినందుకు ఎవరూ ఇంతగా కుమిలిపోరు. నిజానికి రెండోసారి చేతిలో ఎక్కువ సమాచారం ఉంటుంది. మొదటిసారి ఏ మందు పడిందో, ఎన్ని వారాలు పట్టిందో, ఏ మాట సాయపడిందో తెలుసు. ముందు పనిచేసిన మందు చాలామందికి మళ్లీ పనిచేస్తుంది.

పదే పదే వస్తుంటే మాత్రం అదే చీటీ తిరగరాయించుకోవడం సరిపోదు. థైరాయిడ్ తక్కువగా ఉంటే అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. రక్తహీనత, బీ12 లోపం కూడా నీరసాన్ని పెంచుతాయి. రోజూ మద్యం తాగుతుంటే ఏ మందూ సరిగా పనిచేయదు. మధ్యమధ్యలో నాలుగైదు రోజులు నిద్ర లేకుండా విపరీతమైన ఉత్సాహం, ఖర్చు, వాగుడు కనిపించాయా అన్నది డాక్టరు అడగకపోయినా ఇంట్లోవాళ్లు చెప్పాలి. అది బైపోలార్, అంటే విపరీతమైన ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు అయితే వైద్యమే వేరు, డిప్రెషన్ మాత్రలు ఒక్కటే ఇస్తే పరిస్థితి తలకిందులు కావచ్చు.

జబ్బు తిరిగి వచ్చేముందు ప్రతి మనిషిలోనూ తనదైన గుర్తులు ఉంటాయి. ఒకరు ఫోన్ ఎత్తడం మానేస్తారు. ఒకరి ఇంట్లో పేపరు మడత విప్పకుండా మూడు రోజులు పడి ఉంటుంది. ఒకావిడ వాకిట్లో ముగ్గు వేయడం ఆపేస్తుంది. ఒకాయన మధ్యాహ్నం దాకా స్నానం చేయడు, కాఫీ రుచి లేదంటాడు. బాగున్న రోజుల్లోనే ఇలాంటివి నాలుగైదు రాసి, ఇంట్లో నమ్మకమైన ఒకరికి ఇచ్చి, "ఇందులో రెండు వరసగా రెండు వారాలు కనిపిస్తే నేను వద్దన్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు" అని చెప్పి ఉంచుకోవడం చాలామందికి పనికొచ్చిన పద్ధతి. జబ్బు వచ్చాక ఆ మనిషికి తన పరిస్థితి తనకే కనిపించదు.

మానేయాలనుకున్నప్పుడు కూడా అంతే ముందుచూపు కావాలి. పరీక్షల ముందు, కాన్పు దగ్గర పడ్డప్పుడు, వీసా మీద కొత్త దేశానికి వెళ్లే నెలలో మందు తగ్గించడం మొదలుపెట్టకూడదు. సంచిలో మూడు నెలల మాత్రలు పెట్టుకుని విమానం ఎక్కి, అవి అయిపోగానే ఆపేయడం మానేయడం కిందికి రాదు. డాక్టరుతో కలిసి వారాలు కాదు, నెలల లెక్కన తగ్గించుకోవాలి. ఒక మెట్టు దిగాక ఇబ్బందిగా ఉంటే పై మెట్టుకు వెళ్లి ఆగాలి. మందు పూర్తిగా ఆపాక మొదటి ఆరు నెలల్లోనే ముప్పు ఎక్కువ. అందుకని చివరి మాత్ర వేసుకున్న రోజునే, ఇక మందు లేకపోయినా, ఆ ఆరు నెలల్లో డాక్టరును కలవాల్సిన తేదీలు రెండు ముందుగానే రాయించుకుని రావాలి.